నేను తీసుకోని లోన్‌కు ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. గవర్నమెంట్ టీచర్‌ని. గత నెల ఒక రాత్రి వాట్సాప్‌లో ‘ఆర్టీఓ చలాన్’ అని ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ వేసే ఫైల్) వస్తే నొక్కాను. తెల్లారేసరికి సేవింగ్స్ ఖాతాలోని రూ.1.46 లక్షలు పోయాయి. పైగా నా పేరు మీద రూ.3 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ తీసి, అదీ ఎవరికో పంపేశారు. పొద్దున పదింటికే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ, బ్యాంకుకూ ఫిర్యాదు చేశాను. ఓటీపీ సరిగ్గానే పడింది కాబట్టి బాధ్యత మీదేనని బ్యాంకు అంటోంది. నెలకు రూ.10,253 చొప్పున 36 నెలలు కట్టాలట. సిబిల్ (క్రెడిట్ స్కోరు) పాడవుతుందని టెన్షన్. అమ్మాయి పెళ్లికి దాచిన ఎఫ్‌డీ తీసి లోన్ మూసేయనా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి ఇప్పుడే వెళ్లకండి సార్. మీరు లోన్ మూసేస్తే, అప్పు మీదేనని ఒప్పుకున్నట్టే కదా అని రేపు బ్యాంకు వాదించవచ్చు.

ఇలాంటి తగాదాలకు 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్‌లోని నియమాలే ఆధారం. మూడు పనిదినాల్లో చెబితే డబ్బంతా వెనక్కి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. తప్పు మీదీ కాక, బ్యాంకుదీ కాక, మూడోవాళ్ల వల్ల మోసం జరిగినప్పుడే ఆ వెసులుబాటు. మీరే నోటితో ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయిందంతా మీరే భరించాలి. అయితే తప్పు ఖాతాదారుడిదేనని రుజువు చేయాల్సింది మాత్రం బ్యాంకే. ‘ఓటీపీ పడింది’ అన్నంత మాత్రాన ‘మీరు చెప్పారు’ అని కాదు. ఆ ఫైల్ మీ మెసేజ్‌లను వాళ్లకు చేరవేసి ఉండొచ్చు.

2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిన కేసు మీకు పనికొస్తుంది. అస్సాంలో ఒక ఖాతాదారుడు మోసగాడి మాట నమ్మి ఫోన్‌లో యాప్ వేసుకున్నాడు. రూ.94 వేలకు పైగా పోయాయి. 24 గంటల్లోపే బ్యాంకుకు చెప్పాడు. ఆ సొమ్ము ఇవ్వాల్సిందేనని గౌహతి హైకోర్టు అంటే ఎస్‌బీఐ పైకి వెళ్లింది, అక్కడా ఓడిపోయింది. ఖాతాదారులూ ఓటీపీల విషయంలో జాగ్రత్తగా ఉండాలని కోర్టు అన్న మాట నిజమే. అందుకే మీరు తప్పక గెలుస్తారని నేను చెప్పను. ఫైల్ నొక్కడమే నిర్లక్ష్యమని బ్యాంకు పట్టుబడుతుంది. కానీ పోరాడదగ్గ కేసే.

ముందు బ్యాంకుకు ఈమెయిల్ పెట్టండి. లోన్‌కు సమ్మతి ఏ ఫోన్ నుంచి, ఏ సమయానికి వచ్చింది? డబ్బు వెళ్లిన ఖాతాలను ఎప్పుడు జత చేశారు? రోజువారీ పరిమితి పెంచారా? ఈ వివరాలన్నీ రాతపూర్వకంగా అడగండి. అర్ధరాత్రి కొత్త ఫోన్‌లోంచి లాగిన్ అయి, లోన్ తీసి, కొత్త ఖాతాలకు తోసేస్తుంటే బ్యాంకు సిస్టమ్‌కు అనుమానం రాలేదా అన్నదే మీ బలమైన ప్రశ్న. లోన్ సొమ్ము మీ ఖాతాలో పడి అక్కడి నుంచే బయటికెళ్లింది కాబట్టి దాన్నీ ఇదే ఫిర్యాదులో కలపండి.

అదే మెయిల్‌లో, వివాదం తేలేదాకా ఈఎంఐ ఆపమనండి. ఒప్పుకోకపోతే, ఏడాదిలో హోమ్ లోన్ ఆలోచన ఉన్నవాళ్లయితే ‘అభ్యంతరంతోనే, నా హక్కులకు భంగం లేకుండా కడుతున్నాను’ అని ప్రతి నెలా మెయిల్ పెట్టి కట్టడమే మేలని నా అభిప్రాయం. మూడు నెలల వాయిదాలు కలిపినా రూ.31 వేల లోపే. లోన్ మీది కాదని తేలిన తర్వాత కూడా క్రెడిట్ రిపోర్టులో తప్పుగా చూపిస్తే సిబిల్‌కు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు రూ.100 పరిహారం మీ హక్కు.

1930 ఫిర్యాదు నంబర్‌తో ఏ ఖాతాల్లో ఎంత హోల్డ్ అయిందో సైబర్ పోలీసులను కనుక్కోండి. ఆ సొమ్మును కోర్టు ఉత్తర్వుతోనో, లోక్ అదాలత్‌లోనో విడిపించుకోవచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి తిరిగొచ్చింది.

బ్యాంకు 30 రోజుల్లో పలకకపోయినా, కాదన్నా, బ్యాంకులపై ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఖర్చేమీ లేదు. ముందే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అదే ఫిర్యాదును అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ఆ వరుస తప్పకండి. కమిషన్‌కు రెండేళ్ల గడువుంది. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. లోన్ సొమ్ము కూడా ఇందులో ఉంది కాబట్టి ఒకసారి లాయర్‌కు కాగితాలు చూపించి వెళ్లడం మంచిది. ఆ ఫోన్‌ను ఎవరికైనా చూపించి రికార్డు చేయించుకున్నాకే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అందులో ఉన్నది మీ సాక్ష్యమే.