బ్యారేజీ దగ్గరి సీగల్ ఏ రకం? కన్ను చూడండి, రెక్క చూడండి

జనవరిలో ప్రకాశం బ్యారేజీ రెయిలింగ్ మీద వాలిన సీగల్ ఫొటో పెట్టి, తల తెల్లగా, కంటి వెనక నల్ల మచ్చ ఉంది కాబట్టి బ్లాక్ హెడెడ్ గల్లేనా అని అడిగారు. ఆ మచ్చతో తేల్చకండి. చలికాలంలో బ్రౌన్ హెడెడ్ గల్‌కి కూడా తల మీది ముదురు రంగు పోయి అదే చుక్క మిగులుతుంది. చిక్కంతా పేర్లతోనే. బ్లాక్ హెడెడ్ గల్ తల గూడు కట్టే కాలంలో కూడా నలుపు కాదు, ముదురు చాక్లెట్ రంగు.

నేను ఆరేళ్లుగా చలికాలం ఆదివారాలు పున్నమి ఘాట్‌కి వెళ్తున్నాను. మొదట్లో ముక్కు, కాళ్ల రంగు చూసి రాసుకునేదాన్ని. రెంటికీ అవి ఎరుపే! ఆ రెండేళ్లు రాసుకున్న పేర్లన్నీ తర్వాత కొట్టేశాను.

ఇప్పుడు ముందు చూసేది రెక్క కొస. బ్రౌన్ హెడెడ్‌కి కొస బాగా నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. బ్లాక్ హెడెడ్‌కి రెక్క ముందంచు వెంట తెల్లటి పట్టీ సాగుతుంది, నలుపు వెనకంచున సన్నగా ఉంటుంది. దూరం నుంచి కూడా ఆ తెల్ల పట్టీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒళ్లు, ముక్కు బ్రౌన్ హెడెడ్‌కే కాస్త పెద్దవి, కానీ రెండూ పక్కపక్కన ఉంటే తప్ప ఆ తేడా పనికిరాదు.

మీ ఫొటోలో రెక్కలు ముడిచి ఉన్నా కన్ను చక్కగా పడింది: లేత రంగు, నడుమ నల్ల గుడ్డు. బ్లాక్ హెడెడ్‌కి కన్ను మొత్తం నల్లగా ఉంటుంది. కాబట్టి మీది ఎదిగిన బ్రౌన్ హెడెడ్ గల్. లడఖ్, టిబెట్‌లలో 4000 మీటర్లు దాటిన ఎత్తున, సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే పక్షి మన కృష్ణ మీదికి చలికాలం గడపడానికి వస్తుందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తోక చివర నల్ల పట్టీ ఉన్న పిల్ల పక్షుల దగ్గర మాత్రం జాగ్రత్త. బ్రౌన్ హెడెడ్ పిల్లకి కన్ను నల్లగానే ఉంటుంది, రెక్క కొసలో తెల్ల చుక్కలు ఉండవు, అంతా నలుపే.

ఈసారి ఎగిరేటప్పుడు తీయండి. మన విజయవాడ ఒడ్డు నుంచి తీస్తే చలికాలం ఎండ ఎదురుగా కొట్టి రెక్కలు నల్లగా పడతాయి. బ్యారేజీ దాటి సీతానగరం ఘాట్ నుంచి తీస్తే ఎండ మీ వీపు వైపు ఉంటుంది.