గొర్రెల దొంగతనానికి శిక్ష ఎంత? మా మందలో జరిగింది చెప్తా

'ఇంగ్లండ్‌లో గొర్రెను దొంగిలిస్తే ఉరి తీసేవాళ్లట, నిజమేనా? మన దగ్గర శిక్ష ఏంటి?' అని అడిగారు. నిజమే. 1741లో అక్కడ ఆ చట్టం తెచ్చారు. 1832లో ఉరి రద్దు చేసి, జీవితాంతం ద్వీపాంతరం పెట్టారు. అంటే ఆస్ట్రేలియాకు ఓడెక్కించడమే. మా నాన్నకు ఇది చదివి వినిపిస్తే, 'ఉరి ఎందుకురా, నా జీవాలు నాకిస్తే చాలు' అన్నాడు. ఆయన బాధ ఆయనది.

మాది పాలమూరు వైపు. 2019 ఎండాకాలంలో పల్లి పీకిన చేన్లో మంద పెట్టాం. ఎరువు కోసం రైతులే పిలిచి పెట్టించుకుంటారు. తెల్లవారుజామున నాన్న కాస్త కునుకు తీశాడు, లేచి చూస్తే ఆరు గొర్రెలు లేవు. వెనక సీట్లు పీకేసిన కారులో కుక్కి పట్టుకెళ్లారని తర్వాత తెలిసింది. ఆరూ పాలిచ్చే తల్లులే. పిల్లల్ని వేరే తడకలో మూశాం కాబట్టి అవి మిగిలాయి. రోజంతా ఒకటే అరుపు.

రెండో రోజు సంతలో అమ్ముతూ దొరికారు. అప్పటికే ఒకటి కోతకు పోయింది. స్టేషన్ వెనక ఐదు గొర్రెల్ని కట్టేశారు. అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. 'ఇవి నీవేనని గుర్తేంటి?' అని అడిగారు. చెవి పోగులు దొంగలు కోసేశారు. నాన్న 'మొహాలు తెలుసు సార్' అంటే కానిస్టేబుల్ నవ్వాడు. నాన్న ఏమీ అనకుండా ఆటోలో పిల్లల్ని తెప్పించి గేటు దగ్గర వదిలాడు. రెండు రోజులుగా పితకని పొదుగులు రాయిలా ఉన్నాయి. తల్లులు పిల్లల్ని వాసన చూసి, తమది కానిదాన్ని తలతో నెట్టేస్తున్నాయి. నిమిషంలో ఐదు పిల్లలూ ఎవరి తల్లి కింద అవి దూరాయి. ఆరోది మాత్రం ఆ గొర్రె కాడికీ ఈ గొర్రె కాడికీ తిరుగుతూనే ఉంది. ఇదంతా పంచనామాలో రాశారు.

కోర్టులో బాండు రాసిచ్చి జీవాల్ని ఇంటికి తెచ్చుకున్నాం.

శిక్ష సంగతి: అప్పుడు ఐపీసీ 379, మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 303(2). మొదటిసారికి శిక్ష అంతే, రెండోసారి దొరికితే ఏడాది నుంచి ఐదేళ్లు. సొత్తు 5,000 లోపుదై, మొదటి తప్పై, తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. ఈ రోజుల్లో ఈనిన గొర్రె ఆ ధరకు ఎక్కడ దొరుకుతుంది? దొంగ సరుకని తెలిసీ కొన్నవాడికి కూడా మూడేళ్ల దాకా పడొచ్చు.

మా కేసులో ఎవరూ జైల్లో కూర్చోలేదు. రెండేళ్లు వాయిదాలు తిరిగి, లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. కోతకు పోయినదాని ధర, ఆటో ఖర్చులు ఇచ్చారు. దాని పిల్లను అమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. అది మందలో కన్నా వంటింట్లోనే ఎక్కువ తిరిగేది.