సీక్వెల్ తుస్సుమంటే తిట్టొచ్చా? నా నలభై నిమిషాల రివ్యూ కథ

ప్రశ్న ఇది: "ఏళ్ల తరబడి ఎదురుచూసిన గేమ్‌కి కొత్త భాగం వచ్చింది. మొదటిరోజే పూర్తి ధర పెట్టి కొన్నాను. ఘోరంగా ఉంది. మండిపోయి రివ్యూలో కడిగేస్తే మా ఫ్రెండు 'ఒక ఆట కోసం ఇంత రాద్ధాంతమా' అన్నాడు. అభిమానులు ఇట్లా రెచ్చిపోవడం సబబేనా? మీకు ఇలాంటి అనుభవం ఉందా?"

ఉంది. నా పరువు సగం పోయిన అనుభవం కూడా అదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

మాది అనంతపురం. 2009లో నేను ఇంటర్. కమలానగర్‌లో ఒక సందులో నెట్ సెంటర్ ఉండేది, గంటకు పదిహేను రూపాయలు. బోర్డు మీద బ్రౌజింగ్, జిరాక్స్, లామినేషన్ అని రాసి ఉండేది గానీ లోపల ఎనిమిది సిస్టమ్‌లుంటే ఆరింట్లో క్రికెట్ 07 నడుస్తుండేది. ఈఏ స్పోర్ట్స్ 2006 చివర్లో వదిలిన ఆట. ఒకడు ఆడుతుంటే నలుగురు కుర్చీ వెనక నిలబడి "యార్కర్ ఏస్తాడు చూడ్రా", "ముందుకొచ్చి లేపు" అని ఒకటే సలహాలు. రిచీ బెనో, మార్క్ నికొలస్ వ్యాఖ్యానంలో సగం మాకు అర్థమయ్యేది కాదు, అయినా మొత్తం కంఠతా వచ్చింది.

ఆ ఆటలో మన జట్టుకు లైసెన్సు లేదు. మనోళ్ల పేర్లు అక్షరాలు అటూ ఇటూ అయి కనబడేవి. వాటిని సరిచేసేది సెంటర్ అన్న. ప్రపంచంలో ఎక్కడెక్కడో కూర్చున్న అభిమానులు తయారుచేసిన ప్యాచ్‌లు రాత్రి పూట దించుకుని, పొద్దున్నే ఒక్కో సిస్టమ్‌కి ఎక్కించేవాడు. అసలు పేర్లు, కొత్త జెర్సీలు, ఐపీఎల్ జట్లు అన్నీ వాటిలోనే. ఆ ఏడాది డెక్కన్ ఛార్జర్స్ కప్పు కొట్టినప్పుడు మేం టీవీలో కంటే ఆ సెంటర్లోనే ఎక్కువసార్లు ఫైనల్ గెలిచినాం. "అన్నా, గిల్‌క్రిస్ట్‌కి కొత్త బ్యాట్ ఎక్కించినావా?" అని అడిగి మరీ కూర్చునేవాళ్లం.

ఈఏ వాళ్లు 07 తర్వాత ఈ వరసలో ఇంకో ఆట చేయలేదు. సీక్వెల్ రాలేదు, రాని సీక్వెల్‌ని అభిమానులే ఏడాదికోసారి ప్యాచ్‌ల రూపంలో చేసుకుంటూ వచ్చినారు. ఆ ఆటకి అదే అదృష్టమేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎందుకంటే తర్వాత వేరేవాళ్లు చేసిన వాటిలో 2013 నాటి యాషెస్ గేమ్ కథ వినే ఉంటారు. 505 గేమ్స్ అనే ప్రచురణ సంస్థ, ట్రిక్‌స్టార్ అనే స్టూడియో. యాషెస్ సిరీస్ ఇంగ్లండ్‌లో మొదలయ్యే వేళకి రావాల్సింది వాయిదాల మీద వాయిదాలు పడి, నవంబర్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల అంగడిలోకి వచ్చింది. అందులోని వింతలను వీడియోలు తీసి పెట్టి జనం పడీపడీ నవ్వినారు. కొద్దిరోజులకే అమ్మకం ఆపేసి, ఆటను రద్దు చేసి, కొనుక్కున్నోళ్లకి దుడ్లు వెనక్కి ఇచ్చినారు. అప్పుడు తిట్టినోళ్లని ఎవరూ తప్పుపట్టలేరు. కొట్లో కొన్న కుక్కర్‌కి మూతే పట్టకపోతే అంగడాయనను అడగమా?

ఇక నా సంగతి.

2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచులు మా ఊళ్లో ఆర్‌డీటీ మైదానంలో జరిగినాయి. టీవీలో చూసే మొహాలు మన ఊరి ఎండలో బౌండరీ దగ్గర నిలబడి ఉంటే, ఆ ఊపే వేరు. మా చిన్నాయన కొడుకు, నేను పోయి చూసొచ్చినాం. ఆ ఊపులోనే ఒక కొత్త క్రికెట్ గేమ్ కొన్నాను. పేరు చెప్పను, ఎందుకో కింద మీకే అర్థమవుతుంది. దానికి ముందు భాగం నేను వందల గంటలు ఆడినాను. దీని ట్రైలర్ అయితే పదిసార్లు చూసుంటాను.

శనివారం సాయంత్రం, ఉగ్గాని బజ్జీ కట్టించుకుని వచ్చినాడు మా వాడు. నా ల్యాప్‌టాప్‌ని హాల్లో పెద్ద టీవీకి కలిపినాం. మొదటి బంతికే బౌల్డ్. సరే. మూడో బంతికి బౌల్డ్. బటన్ సరిగ్గానే నొక్కుతున్నా, బ్యాటు మాత్రం బంతి వికెట్లను తాకినాక, తీరుబడిగా, దండం పెట్టినట్టు కిందికి దిగుతోంది. ఇరవై రెండు పరుగులకి ఆలౌట్. మా వాడు గేమ్‌ప్యాడ్ తీసుకున్నాడు, పద్దెనిమిదికి ఆలౌట్. "ఏంన్నా ఇది, పాత దాంట్లో కండ్లు మూసుకుని కొట్టేటోణ్ణి" అన్నాడు.

అప్పటికి నలభై నిమిషాలు. నేను అక్కడే కూర్చుని రివ్యూ రాసినాను. టైమింగ్ చచ్చిపోయిందని, పాత అభిమానులను మోసం చేశారని, ఇది చేసినోళ్లు జన్మలో బ్యాటు పట్టి ఉండరని. ఇంకా కొన్ని మాటలు ఉన్నాయి, మా అమ్మ చదివే చోట రాయలేను. స్టీమ్‌లో ఇబ్బంది ఏంటంటే మనం ఎంతసేపు ఆడినామో మన రివ్యూ పక్కనే చూపిస్తుంది. అంత పెద్ద తిట్ల దండకం పక్కన సున్నా పాయింట్ ఏడు గంటలు అని.

పొద్దున్నే ఒకాయన కింద కామెంట్ పెట్టినాడు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. టీవీకి కలిపి ఆడుతున్నావా బ్రో, అయితే టీవీలో గేమ్ మోడ్ పెట్టి చూడు అని. నాకు ఒళ్లు మండింది. నువ్వు కంపెనీ మనిషివా అని అడిగినాను. ఆయన మళ్లీ జవాబు ఇవ్వలేదు.

కానీ మాట మనసులో ఉండిపోయింది. సాయంత్రం రిమోట్ తీసుకుని చూస్తే, మా ఇంట్లో టీవీ వివిడ్‌లో ఉంది, అమ్మ సీరియళ్లు రంగురంగులుగా కనబడాలని. ఆ మోడ్‌లో టీవీ వచ్చిన ప్రతి బొమ్మనూ పట్టుకుని రంగులు దిద్ది, అంచులు చెక్కి, కదలిక నున్నగా చేసి, ఆ తర్వాత చూపిస్తుంది. ఆ పనికి కొంత సమయం పడుతుంది. కొన్ని టీవీల్లో అది వంద మిల్లీసెకన్ల దాకా పోతుంది. సినిమాకైతే తెలియదు. కానీ లెక్కేసుకోండి, గంటకు 140 కిలోమీటర్ల బంతి సెకనులో పదో వంతు కాలంలో దాదాపు నాలుగు మీటర్లు వచ్చేస్తుంది. పిచ్ మొత్తం ఇరవై మీటర్లే. అంటే తెర మీద బంతి నాకింకా నాలుగు మీటర్ల దూరంలో ఉందనిపించేటప్పటికి, ఆట లోపల అది నా కాళ్ల దగ్గరికి వచ్చేసి ఉంటుంది. నేను ఎంత సరిగ్గా నొక్కినా ఆలస్యమే.

గేమ్ మోడ్ పెట్టగానే ఆ చెక్కుడు పని చాలావరకు ఆగిపోతుంది. రంగులు కొంచెం వెలిసినట్టయినాయి గానీ మొదటి ఓవర్లోనే కవర్స్ మీదుగా ఫోర్ పోయింది. మా వాడికి ఫోన్ చేసి పిలిపించినాను. రెండు ఓవర్లు ఆడి, "ఇది వేరే గేమ్ లాగుంది కదన్నా" అన్నాడు.

అప్పుడు ఇంకోటి తట్టింది. నెట్ సెంటర్లో మేం ఆడింది డబ్బా మానిటర్ల మీద. ఆ పాత సీఆర్‌టీలు బొమ్మను ఆపి దిద్దవు, వచ్చింది వచ్చినట్టే తెర మీద వేస్తాయి. అంటే "పాత ఆటలో టైమింగే వేరప్పా" అని పదిహేనేళ్లుగా నేను అందరికీ చెప్పుకుంటున్న దాంట్లో ఎంత ఆటది, ఎంత ఆ డబ్బాది? సెంటర్ అన్న ఇప్పుడు అదే షట్టర్‌లో ఫోటో ఫ్రేములు కట్టిస్తున్నాడు. ఈ మాట చెప్తే చాలాసేపు నవ్వినాడు.

అట్లని ఆ గేమ్ బంగారం అనుకోకండి. టైమింగ్ కుదిరినాక అసలు రోగాలు కనబడినాయి. ఒకసారి మిడాన్ ఫీల్డరు బంతిని చేత్తో పట్టుకుని, మా ఇద్దరు బ్యాట్స్‌మెన్ పిచ్ మధ్యలో "నువ్వు పో, నువ్వు పో" అన్నట్టు నిలబడి ఉంటే, వీధి మలుపులో ఆవు లాగా కదలకుండా చూస్తూ నిలబడినాడు. మేం మూడు పరుగులు తీసినాం. మా వాడు ఫోన్‌లో వీడియో తీసినాడు. నేను పాత రివ్యూ కొట్టేసి, ఏ వెర్షన్‌లో, ఏ ఫార్మాట్‌లో, ఏ ఫీల్డ్ సెట్టింగ్ పెడితే ఇది వస్తోందో రాసి, టైమింగ్ గురించి అన్నది నా టీవీ తప్పని ఒప్పుకుని, ఆ కామెంట్ పెట్టినాయనకి సారీ చెప్పినాను. రెండు అప్‌డేట్ల తర్వాత ఆ నిలబడిపోయే జబ్బు పోయింది. నా వల్లనే అని గొప్పలు పోను, అదే సంగతి ఇంకా చాలామంది రాసినారు.

మీ ఫ్రెండు మాటకి వస్తే, అభిమాన హీరో సినిమా పోయిన రోజు బెనిఫిట్ షో నుంచి బయటికొచ్చే మొహాలను ఆయన చూసుంటాడు కదా. రెండున్నర గంటల సినిమాకే అంత బాధ ఉంటే, మూడు నాలుగు వందల గంటలు చేతులారా ఆడిన కథకి ఉండదా? బాధ సబబే. దాన్ని ఎవరి మీద, ఎట్లా చూపిస్తున్నామన్న దగ్గరే నాకు పేచీ.

2012లో మాస్ ఎఫెక్ట్ 3 అనే గేమ్ ముగింపు నచ్చక గొడవ జరిగినప్పుడు, అభిమానులు పిల్లల ఆసుపత్రులకి బొమ్మలూ ఆటలూ అందించే చైల్డ్స్ ప్లే అనే సంస్థకి 80 వేల డాలర్లకి పైగా చందాలు పోగేసి తమ నిరసన చూపించినారు. కొందరైతే ఆ ఆట చేసిన స్టూడియోకి నాలుగు వందల కప్‌కేకులు పంపినారు. పైన క్రీము ఎరుపు, ఆకుపచ్చ, నీలం, లోపల మాత్రం అన్నీ ఒకటే వెనీలా. ఆటలో చివర ఇచ్చిన మూడు దారులు రంగు తప్ప తేడా లేవని చెప్పడం అన్నమాట. నేను ఆ ఆట ఆడలేదు, ఆ కేకుల సంగతి చదివి మాత్రం లేచి చప్పట్లు కొట్టినాను. స్టూడియో వాళ్లు కేకులను ఒక ఆశ్రమానికి ఇచ్చేసినారు, ఆ జూన్‌లో ముగింపుని విడమరిచి చెప్పే అదనపు సన్నివేశాలు ఉచితంగా వచ్చినాయి.

అదే 2020లో లాస్ట్ ఆఫ్ అస్ అనే గేమ్ రెండో భాగానికి జరిగింది చూడండి. ఆట పూర్తి చేయడానికి ఇరవై గంటలకి పైగా పడుతుంది, విడుదలైన కొన్ని గంటలకే సున్నా మార్కుల రివ్యూలు వరదలా వచ్చి పడినాయి. ఒక పాత్రకి గొంతిచ్చిన లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు పోయినాయి. కథ రాసింది ఆమె కూడా కాదు. రివ్యూల మార్కులు పోగేసి చూపించే మెటాక్రిటిక్ అనే సైట్ ఆ తర్వాతే ఆట వచ్చిన 36 గంటల దాకా మామూలు జనం రివ్యూలు రాయకుండా ఆపింది. నా నలభై నిమిషాల రివ్యూ ఆ వరదలోని చెంబెడు నీళ్లే కదా అని ఇప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది.

కాబట్టి మీరు చూసుకోవాల్సింది, మీ ఆట పాడైపోయి వచ్చిందా, లేక బాగానే ఉండి మీరు కోరుకున్న కథ కాకుండా పోయిందా అని. పాడైతే గట్టిగా అడగండి, వీడియోతో సహా. కథ నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, కానీ పూర్తి చేసి.

ఇంకో సంగతి. స్టీమ్‌లో కొని ఉంటే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకముందు అడిగితే దుడ్లు వెనక్కి ఇస్తారు. గేమ్ తెరిచి మెనూలో ఊరికే ఉంచినా ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది. నేను టీవీ సెట్టింగులు ఒక్కొక్కటే మార్చి చూసుకుంటూ రెండు గంటలు దాటించేసినాను. మీది ఇంకా దాటకపోతే ముందు ఆ పని చూసుకోండి, తిట్లు తర్వాతైనా రాసుకోవచ్చు.