మాజీ అయ్యాక కూడా ‘సర్పంచ్ సాబ్’ అనవచ్చా?

సందేహం: మా నాన్నగారు 2019 నుంచి అయిదేళ్లు ఊరి సర్పంచ్‌గా ఉన్నారు. ఇప్పుడు వేరొకరు గెలిచారు. అయినా అందరూ ఆయన్ని ‘సర్పంచ్ సాబ్’ అనే పిలుస్తున్నారు. చెల్లి పెళ్లి కార్డులో ఏమని వేయించాలి? ‘తాజా మాజీ’ అనే మాట తప్పు కాదా? (ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా)

సమాధానం: ఊరివాళ్ల పిలుపు గురించి టెన్షన్ పడకండి. పిలుపులో పదవి పేరు వరసలాంటిది. కోస్తా పల్లెల్లో సర్పంచ్‌ని ‘ప్రెసిడెంటు గారు’ అంటారు. దిగిపోయి ఇరవయ్యేళ్లయినా అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఆ పిలుపుకే తలెత్తి చూస్తాడు. కరణం, మునసబు పదవులు 1984లోనే రద్దయ్యాయి. ‘కరణంగారి ఇల్లు’ మాత్రం ఇంకా కరణంగారిదే.

రాతలో అలా కుదరదు. కార్డు ఊరు దాటి వెళుతుంది. ఉత్త ‘సర్పంచ్’ అని ఉంటే చదివినవారు ఆయనే ఇప్పటి సర్పంచ్ అనుకుంటారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవారికీ అది అన్యాయమే. అందుకే ‘మాజీ సర్పంచ్’ అని వేయించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ‘మాజీ’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. గడిచినది అని దాని అర్థం. ‘పూర్వ సర్పంచ్’ అన్నా తప్పు లేదు కానీ వాడుక తక్కువ. పూర్వ విద్యార్థి అంటాం, మాజీ మంత్రి అంటాం. ఈ రెండు మాటలూ ఎవరి చోటు వారు ఎంచుకున్నాయి. ‘విశ్రాంత’ మాత్రం వద్దు, అది ఉద్యోగ విరమణకు సంబంధించిన మాట.

‘తాజా మాజీ’ తప్పు కాదు. తాజా, మాజీ ఒకదానికొకటి వ్యతిరేకం అనిపిస్తుంది కానీ, ఇక్కడ తాజాగా మాజీ అయినవారు అని అర్థం. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు తీరింది, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. ఆ మధ్యకాలంలో పత్రికలకు ఆ మాట బాగా పనికొచ్చింది. కొత్తవారు వచ్చేశాక ‘తాజా’ తీసేయాలి.

ఒక్క జాగ్రత్త. ‘మాజీ సర్పంచ్ భర్త’ అని ఎప్పుడూ రాయకండి. ‘మాజీ’ సర్పంచ్‌కా, భర్తకా? ‘మాజీ సర్పంచ్ ఫలానా గారు, ఆమె భర్త ఫలానా గారు’ అని విడదీసి రాస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు.