ఆయన రైళ్లు ఎవరికివ్వాలి?

ప్రశ్న: మావారు పోయి పది నెలలైంది. ముప్పై ఏళ్లపాటు పోగేసిన మోడల్ రైళ్లు గది నిండా ఉన్నాయి. నేను చిన్న ఇంటికి మారాలి. "అన్నీ గుత్తగా ఎవరికో ఇచ్చేయమ్మా" అంటాడు అబ్బాయి. ఒక్కటి కదిపినా అమ్మాయి ఏడుస్తుంది. నాకేమో ఆ తలుపు తీస్తే ఆయన్ని బయటికి గెంటేస్తున్నట్టు ఉంటుంది. ఏం చేయను?

జవాబు: ముందు ఆ గదిలోకి వెళ్లి నాలుగు పాత పెట్టెలు తిరగేసి చూడండమ్మా. ఎక్కడో ఒకచోట ఆయనది కాని దస్తూరి కనిపించవచ్చు. ఈ సరదా ఉన్నవాళ్లు చాలా సరుకు సెకండ్‌హ్యాండ్‌లోనే కొంటారు. అంటే వాటిలో కొన్ని మీ ఇంటికి రాకముందే ఇంకెవరి అలమారలోనో ఉండి వచ్చినవి. వాటిని ఇప్పుడు మరొకరికి ఇస్తే ఆయన్ని గెంటేసినట్టు కాదు.

ఇక పని సంగతి. తుడవద్దు. గుడ్డ తగిలితే సన్నటి రెయిలింగులు విరిగిపోతాయి. దుమ్ము మరీ ఎక్కువగా ఉంటే మెత్తటి బ్రష్షు చాలు. ఖాళీ పెట్టెలు, కాగితాలు పారేయకండి. పెట్టె ఉన్న ఇంజిన్‌కీ లేనిదానికీ ధరలో బాగా తేడా ఉంటుంది. ఒక్కోదాన్నీ స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, పెట్టె మీది నంబరు రాసుకోండి. పట్టాల మధ్య ఎడం కూడా కొలవండి. 16.5 మిల్లీమీటర్లుంటే చాలామటుకు హెచ్‌ఓ స్కేలు అనే సైజు, అంటే అసలు రైల్లో 87వ వంతు. 9 ఉంటే సాధారణంగా ఎన్ స్కేలు, అంతకన్నా చిన్న సైజు. ఈ ఒక్క ముక్క తెలిస్తే కొనేవాళ్లు మిమ్మల్ని తేలిగ్గా తీసుకోరు. పాత లోహపు బాడీల మీద పగుళ్లుంటే దాచకుండా చెప్పేయండి. జింకు మిశ్రమంలో సీసం కలిసి వచ్చే జబ్బు అది, బాగవదు.

జాబితా అయ్యాక రైలు మోడళ్ల క్లబ్బు ఏదైనా ఉంటే వాళ్లను కదపండి. సభ్యులు పోయినప్పుడు ఇలాంటి కుటుంబాలకు సాయం చేయడం వాళ్లకు అలవాటే. వ్యాపారికి ఒకేసారి అమ్మితే డబ్బు తగ్గుతుంది గానీ తలనొప్పి పోతుంది. మీ ఓపికను బట్టి చూసుకోండి, అందులో తప్పేం లేదు. మ్యూజియం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. వాళ్లకూ చోటుండదు. ఆయన చేత్తో చేసినవాటికి పెద్ద ధర రాకపోవచ్చు. మనసు కష్టపెట్టుకోకండి.

అబ్బాయి తొందర అతని సౌకర్యం కోసం, కాస్త ఆగమనండి. అమ్మాయిని ఏడవద్దనకండి, ఒకటి ఎంచుకోమనండి. ఒక్కటే. మీకూ ఒకటి. ధర చూసి కాదు, ఆయన మాటిమాటికీ నడిపినది తీసుకోండి.

మొదటి మనిషి చూడ్డానికి వచ్చినప్పుడు టీ ఇచ్చి పక్కనే కూర్చోండి. ఎంత అని అడగకముందే ఇంజిన్ తిరగేసి చక్రాలు చూస్తే, బేరం కాస్త తగ్గినా అతనికే ఇవ్వండి.