స్వాన్ మోడల్‌లో అలల ఎత్తు కలిసి, పీరియడ్ తగ్గితే చూడాల్సింది నురగ వైపు

విశాఖ తీరానికి స్వాన్ (తీరం దగ్గర అలల్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్) నడిపితే అలల ఎత్తు బాయ్ (సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే పరికరం) రీడింగ్‌తో కలుస్తోంది, సగటు పీరియడ్ (ఒక అల తర్వాత మరో అల రావడానికి పట్టే సమయం) మాత్రం తక్కువ వస్తోంది, బాటమ్ ఫ్రిక్షన్ (సముద్రపు నేల రాపిడి) పెంచాలా అని అడిగారు. దయచేసి పెంచకండి. ఎం.టెక్ ప్రాజెక్టులో నాకూ ఇదే సమస్య వచ్చింది, సరిగ్గా అక్కడే రెండు నెలలు పోయాయి.

అలకు అడుగున నేల తగలాలంటే లోతు దాని పొడవులో సగం కన్నా తక్కువ ఉండాలి. 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లు. 30 మీటర్ల లోతులో దానికి నేల ఉన్నట్టే తెలియదు. 14 సెకన్ల స్వెల్ (దూరంగా పుట్టి ప్రయాణం చేసి వచ్చే పొడవాటి అల) పొడవు నడిసముద్రంలో 306 మీటర్లు, దానికి బాగా తెలుస్తుంది. అంటే ఫ్రిక్షన్ పెంచితే ముందు అరిగేది స్వెల్లే, పీరియడ్ ఇంకా పడిపోతుంది. నేను ఫ్రిక్షన్ విలువ 0.038ని 0.067 చేసినప్పుడు అదే జరిగింది.

గాలి ఉన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో నిలబడి, ఒడ్డున విరిగే అలల్ని వదిలేసి వాటి అవతలికి చూడండి. చిన్న అలల నెత్తిన తెల్లగా నురగ లేస్తుంటుంది. వాటి కింద నుంచే పొడవాటి స్వెల్ ఒక్క చుక్క నురగ లేకుండా నున్నగా జారిపోతుంది. నురగ కట్టే అలే శక్తి పోగొట్టుకుంటోంది. దీన్నే వైట్‌క్యాపింగ్ అంటారు.

మోడల్‌లో వైట్‌క్యాపింగ్ లెక్కించే పాత ఫార్ములాకు ఈ తేడా తెలియదు. హాసెల్‌మాన్ 1974లో ఇచ్చిన ఆలోచన మీద కోమెన్ బృందం 1984లో కట్టిన ఆ లెక్క మొత్తం సముద్రానికి ఒకే సగటు వాలు (అల ఎత్తును పొడవుతో భాగిస్తే వచ్చేది) తీసుకుంటుంది. మీటరు ఎత్తు గాలి అల వాలు 39లో ఒకటి, మీటరు ఎత్తు స్వెల్ వాలు 306లో ఒకటి. రెండూ కలిసి ఉన్నప్పుడు గాలి అల అసలు కన్నా చదునుగా కనపడి తక్కువ విరుగుతుంది. స్వెల్ మాత్రం నిజానికి పోగొట్టుకోని శక్తిని మోడల్‌లో పోగొట్టుకుంటుంది. ఈ రెండు తప్పులూ ఎత్తులో ఒకదాన్నొకటి కప్పేస్తాయి, అందుకే మీ ఎత్తు కలిసింది, స్వెల్ తగ్గడంతో పీరియడ్ మాత్రం పడిపోయింది. మన బంగాళాఖాతానికి దక్షిణ మహాసముద్రం నుంచి దాదాపు వారం ప్రయాణం చేసి స్వెల్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఈ లోపం గట్టిగా కనపడుతుంది.

ముందు మీ బౌండరీలో (మోడల్ అంచున ఇచ్చే అలల్లో) ఆ స్వెల్ అసలు ఉందో లేదో చూడండి. అది లేకపోతే మిగతా ఏం మార్చినా దండగ. తర్వాత వైట్‌క్యాపింగ్ కమాండ్‌లో డెల్టా (అల పొడవును బట్టి శక్తి నష్టాన్ని మార్చే సంఖ్య) 0 ఉంటే 1 చేయండి. కొత్త వెర్షన్లలో డిఫాల్ట్ అదే, కానీ సీనియర్ల దగ్గర తీసుకున్న పాత ఇన్‌పుట్ ఫైల్‌లో 0 అలాగే ఉండిపోతుంది. నా ఫైల్‌లో ఉన్నది అదే. అప్పటికీ తేడా మిగిలితే స్వాన్‌లోనే ఉన్న మరో ఫార్ములా ఎస్‌టీ6 వాడండి. అందులో ఏ ఫ్రీక్వెన్సీ అల తన హద్దు దాటితే అదే విరుగుతుంది. విండ్ ఇన్‌పుట్ (గాలి నుంచి అలకు శక్తి చేరే లెక్క) కూడా దాంతో పాటే మార్చాలి, రెండూ జోడీగా ట్యూన్ చేసినవి.

ఇకపై ఎత్తు ఒక్కటే పోల్చకండి. 0.1 హెర్ట్జ్ (అంటే 10 సెకన్ల పీరియడ్) దగ్గర గీత గీసి, అటూ ఇటూ శక్తిని బాయ్ ఇచ్చే (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపే) స్పెక్ట్రమ్‌తో విడివిడిగా పోల్చండి. ఆ గ్రాఫ్ పెడితే చూసి చెప్తాను.