చెరిపేసుకుంటూ కట్టిన పాట

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పాట మూడుసార్లు విన్నాను. నీ గిటార్ బాగుంది. అమ్మాయి గొంతు ఇంకా బాగుంది. రెండూ కలిసిన చోటు మాత్రం నాకు ఎక్కడా వినిపించలేదు. ముప్పై ఎనిమిది ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డు చేసిన పొరలు, పెట్టానని గొప్పగా రాశావు. పెళ్లి భోజనంలో ముప్పై ఎనిమిది రకాలు వడ్డించినా ఇంటికి వచ్చాక గుర్తుండేది గోంగూర ఒక్కటే. నీ విస్తరిలో ఆ గోంగూర ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. కోపం తెచ్చుకోకు, సలహా అడిగింది నువ్వే.

ఇంకో మైకు కొనబోతున్నానన్నావు. అది ఆపి, లెస్ పాల్, మేరీ ఫోర్డ్ దంపతుల ‘హౌ హై ది మూన్’ వెతికి విను. 1951 నాటి పాట, రెండు నిమిషాల ముచ్చట. మీలాగే అతనిది గిటార్, ఆమెది గొంతు. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో తాము ఉంటున్న ఇంట్లోనే రికార్డు చేసుకున్నారు. ఆ ఏడాది అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఇంట్లో చేసింది కాబట్టి ఇలా వచ్చిందని మళ్లీ నాతో అనవుగా?

ఒక్క స్పీకరులోనే విను. అది మోనో, ఎడమా కుడీ లేవు. మొదటిసారి ఆమె గొంతును మాత్రమే పట్టుకో. ముగ్గురు నలుగురు అక్కచెల్లెళ్లు పాడుతున్నట్టు ఉంటుంది, అందరూ ఆమే. ఊపిరి ఒకటే, అచ్చు పలికే తీరు ఒకటే. అందుకే ఆ గొంతులు పాలూ నీళ్లలా కలిసిపోయాయి. రెండోసారి గిటార్‌ను పట్టుకో. ఆమె పాడుతున్నంతసేపూ అతను ఎంత తక్కువ వాయించాడో, ఆమె ఊపిరి తీసుకునే సందులో ఎలా దూరాడో చూడు. తన వంతు వచ్చాక ఇక ఆగడు. నీ పాటలో అమ్మాయి చరణం ఎత్తుకోగానే నువ్వూ ఎత్తుకున్నావు. కొత్త కాపురం కదా, పోటీ ఉంటుందిలే.

ఇప్పుడు ఆ పాట ఎలా కట్టారో చెబుతాను, మిగతా సలహాలన్నీ అందులోంచే వస్తాయి. బింగ్ క్రాస్బీ అనే పెద్ద గాయకుడు లెస్ పాల్‌కు ఒక ఆంపెక్స్ టేపు యంత్రం బహుమతిగా ఇచ్చాడు. మామూలు యంత్రంలో టేపు మూడు హెడ్‌ల మీదుగా, అంటే టేపును తాకుతూ పనిచేసే చిన్న అయస్కాంత ముక్కల మీదుగా నడుస్తుంది: ముందు చెరిపేది, తర్వాత రాసేది, ఆఖరున వినిపించేది. చెరిపే హెడ్‌కు ముందు వినిపించే హెడ్ ఇంకొకటి బిగించాడు లెస్ పాల్. దాంతో పాత శబ్దం చెరిగిపోయే లోపే చెవికి అందుతుంది. దానికి కొత్త గొంతు కలిపి, రెండింటినీ అదే టేపు మీద తిరిగి రాసుకుంటాడు. అంటే ప్రతి కొత్త పొరకూ వెనకటి టేపు శాశ్వతంగా పోతుంది. ఏడో పొరలో ఒక్క స్వరం తప్పితే ఆరు పొరలూ గల్లంతు, మళ్లీ మొదటి నుంచి. నీ కంప్యూటర్‌లో వెనక్కి తెచ్చే మీట ఉంది చూడు, అది వాళ్లకు లేదు.

ఆ బాధ నాకు తెలుసు. 1981లో మద్రాసులో భక్తి గీతాల క్యాసెట్టు పని. ఒక టేపులో ఉన్న గొంతుకు వేణువు కలుపుతూ రెండో టేపుకు ఎక్కించాలి. నేను నొక్కవలసిన రికార్డు మీట రెండో యంత్రంలో ఉంది. నేను మొదటి యంత్రంలో నొక్కాను. ఎర్ర దీపం వెలిగాక, టేపు చుట్టిన స్పూలు ఓ పది చుట్లు తిరిగాక గానీ తెలియలేదు. పల్లవి మొత్తం పోయింది. పాడినావిడ అప్పటికే రైలెక్కేశారు. ఆ రాత్రి నేను భోజనం చేయలేదు, మా ఇంజినీరు గారు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నా చేయి మీట మీదికి వెళ్లే ముందు ఒక క్షణం ఆగడం నేర్చుకుంది.

ఇక నీ సంగతి. ఇలా పొరలు వేస్తే మొదట రాసినది ప్రతిసారీ మళ్లీ కాపీ అవుతూ కొంత మసకబారుతుంది, టేపు బుస పెరుగుతుంది. అందుకని అంత ముఖ్యం కానివి ముందు, అసలు గొంతూ అసలు గిటారూ చివర. నీకు మసకబారే భయం లేకపోయినా ఆ వరుసే పాటించు. ఏది చివర రావాలో ముందే తేల్చుకోవలసి వస్తుంది, నీ పాటలో జరగనిది సరిగ్గా అదే. రెండు గిటార్లు, మూడు గొంతులు చాలు. ఒక్కో పొర వేశాక దాన్ని కిందిదానితో కలిపి ఒకటి చేసి, విడి ఫైళ్లు తీసెయ్యి. దాచుకోకు. నీ సంగతి తెలుసు కాబట్టి మళ్లీ చెబుతున్నాను, పెన్‌డ్రైవ్‌లో కూడా దాచుకోకు.

అమ్మాయిని మైకుకు జానెడు దూరంలో నిలబెట్టి, పక్కనున్నవాళ్లకు చెప్పినట్టు నెమ్మదిగా పాడమను. మేరీ ఫోర్డ్ అలాగే దగ్గరగా పాడేది. హాలు చివరి వరుసకు వినిపించాలని గొంతు పెంచే పాట కాదిది. తోడు గొంతులు వేసేటప్పుడు స, ష, చ అక్షరాలను అసలు గొంతు ఒక్కటే స్పష్టంగా పలకాలి. మిగతావి వాటిని మింగేయాలి. లేకపోతే నాలుగు ‘స’లు నాలుగు చోట్ల పడి, మూకుడులో తిరగమోత వేసినట్టు ఉంటుంది. నీ రెండో చరణంలో ఆ చిటపటలు నిండుగా ఉన్నాయి. దీర్ఘాలు ఎక్కడ ఆగాలో కాగితం మీద గీత గీసి పెట్టుకోండి.

ప్రతిధ్వని గురించి అడిగావు. అది పెద్ద గది మాయ కాదు, హెడ్‌ల మధ్య ఉన్న దూరం. రాసే హెడ్ దగ్గర పడిన శబ్దం వినిపించే హెడ్‌ దాకా నడిచి వచ్చేసరికి కాస్త ఆలస్యమై మళ్లీ వినిపిస్తుంది. టేపు సెకనుకు 15 అంగుళాలు నడుస్తుంటే రెండు అంగుళాల ఎడానికి సుమారు 130 మిల్లీసెకన్ల ఆలస్యం. ఆ అంకె నీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, ఒక్కసారి పలికేలా ఉంచు. గుహలో పాడినట్టు చేయకు. ఆ మెరుపు తీగలాంటి గిటార్ కావాలంటే, నెమ్మదిగా తిరిగే టేపు మీద కింది స్థాయిలో వాయించి రెట్టింపు వేగంతో వినాలి. స్వరం పై స్థాయికి ఎగురుతుంది, తీగ మీటిన చప్పుడు సూదిలా సన్నబడుతుంది. అలాగని పాటంతా చల్లకు, రెండు చోట్ల చాలు.

అందరూ లెస్ పాల్ గురించే రాస్తారు. 1948లో కారు ప్రమాదంలో కుడి మోచేయి నుజ్జయితే, గిటార్ పట్టుకునే వంపులోనే చేతిని అతికించమని డాక్టర్లకు చెప్పిన మనిషి, రాయడంలో తప్పులేదు. కానీ ఒక పొరలో తాను పాడిన ప్రతి ఊపిరినీ గుర్తుపెట్టుకుని, దాని పక్కనే ఇంకో స్వరంలో అదే ఊపిరి తీసిన మేరీ ఫోర్డ్‌ను నేను ఒక మెట్టు పైనే ఉంచుతాను. యంత్రం మరొకరు చేసుకోవచ్చు. ఈ మాట అమ్మాయికి చదివి వినిపించు.

వచ్చే ఆదివారానికి ఒక్క పల్లవి చేసి పంపు. దానితోపాటు ఎన్నిసార్లు మొదటి నుంచి చేయవలసి వచ్చిందో కూడా రాయి. అబద్ధం చెప్పావా, విన్నప్పుడు నాకు తెలిసిపోతుంది. అక్కయ్యకు నా నమస్కారాలు. అటక మీదున్న నా పాత స్పూలు డబ్బాలు మాత్రం పాత సామాను వాడికి వేయవద్దని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య